దూరంగా ఉన్న సర్వర్‌లో డిస్క్ స్పేస్ చూడటం: మొదటి కమాండ్ నుంచి జాగా తినేసినవాడు దొరికేదాకా

ఒకసారి సర్వర్‌లోకి లాగిన్ అయ్యి ఫోల్డర్ పేరు సగం కొట్టి ట్యాబ్ నొక్కా, పేరు పూర్తవ్వాల్సింది పోయి టెంపరరీ ఫైల్ చెయ్యలేకపోతున్నా, డివైస్‌లో జాగా లేదు అని ఎర్రర్ వచ్చింది. ట్యాబ్ నొక్కితే కూడా షెల్ (మనం కొట్టే కమాండ్లని తీసుకుని నడిపే ప్రోగ్రామ్) లోపల చిన్న టెంపరరీ ఫైల్ రాసుకోవాల్సి వస్తుందని నాకు అప్పుడే తెలిసింది. సరే డిస్క్ ఫుల్ అయ్యుంటుంది అని చూస్తే 100 శాతం, పెద్ద లాగ్ ఫైల్ ఒకటి కనపడితే డిలీట్ చేశా, మళ్లీ చూశా, ఇంకా 100 శాతమే. ఫైల్ లేదు, జాగా మాత్రం రాలేదు. ఆ గంటసేపు పడ్డ కంగారు ఇంకా గుర్తుంది నాకు, అందుకే ఇది ఇంత వివరంగా రాస్తున్నా. స్పేస్ చూడటానికి ఒక్క కమాండ్ చాలు అనుకుంటాం కానీ నిజానికి అక్కడ రెండు వేరే వేరే ప్రశ్నలున్నాయి, డిస్క్‌లో ఎంత ఖాళీ ఉంది అనేది ఒకటి, ఉన్నదాన్ని ఎవరు వాడేస్తున్నారు అనేది ఇంకోటి. ఈ రెండిటి జవాబులూ కలవకపోతే ఎందుకు కలవలేదో తెలిసినవాళ్లకే సమస్య తొందరగా తెగుతుంది.

ముందు ఒక మాట, కమాండ్లన్నీ ఇక్కడ తెలుగు అక్షరాల్లో పలికినట్టే రాశా. మీరు కొట్టేటప్పుడు ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో కొట్టండి, పెద్దక్షరం కావాల్సిన చోట విడిగా చెప్తా. గీతలు, స్లాష్‌లు, చుక్కలు ఎలా ఉన్నాయో అలాగే.

ముందు లోపలికి వెళ్లడం

లైనక్స్ మెషిన్ ఐతే ఎస్ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న మెషిన్‌లోకి భద్రంగా వెళ్లి కమాండ్లు కొట్టే దారి), ఇంకో ఆలోచన అక్కర్లేదు. మామూలుగా 22వ పోర్ట్ మీద ఉంటుంది, కొంతమంది మారుస్తారు, మారిస్తే -పీ పెట్టి నంబర్ ఇవ్వాలి.

ఎస్ఎస్‌హెచ్ యూజర్@సర్వర్

చాలామంది లాగిన్ అయ్యి, కమాండ్ కొట్టి, చూసి, బయటికొస్తారు. స్పేస్ చూడటానికి అంత అక్కర్లేదు, కమాండ్‌ని కోట్స్‌లో పెట్టి అదే లైన్ చివర ఇస్తే అక్కడ రన్ అయ్యి ఫలితం మీ స్క్రీన్ మీదకే వస్తుంది. డిస్క్‌లో ఎంత ఖాళీ ఉందో చెప్పే కమాండ్ డీఎఫ్.

ఎస్ఎస్‌హెచ్ యూజర్@సర్వర్ 'డీఎఫ్ -హెచ్'

డిస్క్ పూర్తిగా నిండిపోయిన మెషిన్ విషయంలో ఇది ఇంకా పనికొస్తుంది, ఎందుకంటే మామూలు లాగిన్‌లో రకరకాల స్టార్టప్ స్క్రిప్టులు రన్ అవుతాయి, వాటిలో ఏదో ఒకటి ఫైల్ రాయబోయి ఇరుక్కుపోవచ్చు, ఇలా నేరుగా ఒక్క కమాండ్ పంపితే ఆ తంటా చాలావరకు తప్పుతుంది.

డీఎఫ్ చెప్పేది సరిగ్గా చదవడం

డీఎఫ్ -హెచ్ కొట్టగానే వరసగా లైన్లొస్తాయి, ఒక్కో లైన్ ఒక్కో ఫైల్ సిస్టమ్, అంటే ఫైళ్లు పెట్టుకోడానికి సిద్ధం చేసిన చోటు. మొత్తం సైజు, వాడింది, మిగిలింది, శాతం, చివర్లో అది ఎక్కడ మౌంట్ అయ్యిందో, అంటే ఏ ఫోల్డర్ మీద తగిలించారో. కొత్తవాళ్లు శాతం కాలమ్ మాత్రమే చూస్తారు, నేనైతే ముందు చివరి కాలమ్ చూడమంటా. స్లాష్ ఒక్కటే ఉంటే అది రూట్, ఫోల్డర్లన్నీ మొదలయ్యే చోటు. వార్ (వీ-ఏ-ఆర్ అని కొట్టాలి) ఫోల్డర్‌కి వేరే పార్టిషన్ (డిస్క్‌లో విడగొట్టిన భాగం) ఉందా, హోమ్‌కి వేరే ఉందా, డేటాబేస్‌కి వేరే డిస్క్ తగిలించారా అనేది అక్కడే తెలుస్తుంది. రూట్ ఫుల్ అయ్యిందని హోమ్‌లో ఫైళ్లు పీకేస్తే, హోమ్ వేరే పార్టిషన్ ఐనప్పుడు రూట్‌కి ఒక్క ఎంబీ కూడా రాదు. చాలా చిన్న విషయంలా ఉంటుంది కానీ కంగారులో ఉన్నప్పుడు ఎంతమంది ఇదే చేస్తారో.

ఒక ఫోల్డర్ ఏ డిస్క్ మీదుందో తెలియకపోతే దాని పేరే డీఎఫ్‌కి ఇచ్చేయండి, అది ఏ ఫైల్ సిస్టమ్‌లో ఉందో ఆ ఒక్క లైనే చూపిస్తుంది.

డీఎఫ్ -హెచ్ /వార్/లాగ్

-హెచ్ తర్వాత పెద్ద టీ కలిపితే ఫైల్ సిస్టమ్ రకం కూడా వస్తుంది, ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్, ఇలా. అది తర్వాత చాలా చోట్ల అవసరం పడుతుంది కాబట్టి మొదటిసారే చూసి పెట్టుకోండి. లిస్టులో టీఎంపీఎఫ్‌ఎస్ అని ఉన్నవి మెమరీలో ఉండేవి, డిస్క్ కాదు. ఉబుంటు మెషిన్లలో లూప్ అనే పేరుతో 100 శాతం చూపించే లైన్లు బోలెడు ఉంటాయి, వాటిని చూసి భయపడొద్దు, అవి స్నాప్ ప్యాకేజీలు, చదవడానికే తప్ప రాయడానికి వీల్లేని ఇమేజ్‌లు కాబట్టి ఎప్పుడూ నిండుగానే కనపడతాయి. ఈ గోలంతా వద్దనుకుంటే -ఎక్స్ పెట్టి రకం పేరిస్తే వాటిని వదిలేస్తుంది.

డీఎఫ్ -హెచ్ -ఎక్స్ టీఎంపీఎఫ్‌ఎస్ -ఎక్స్ స్క్వాష్‌ఎఫ్‌ఎస్

వాడిందీ మిగిలిందీ కూడితే మొత్తం రావట్లేదేంటి అని చాలామంది అడుగుతారు, లెక్క తప్పేం కాదది. ఈఎక్స్‌టీ4 ఫార్మాట్ చేసేటప్పుడే డిఫాల్ట్‌గా 5 శాతం రూట్ యూజర్ (మెషిన్ మీద పూర్తి హక్కులున్న అడ్మిన్) కోసం పక్కన పెడుతుంది, మామూలు యూజర్లు, ప్రోగ్రామ్‌లు అంతా నింపేసినా రూట్ లోపలికొచ్చి బాగుచేసుకోడానికి కాస్త చోటుండాలని. 20 జీబీ రూట్ పార్టిషన్‌లో అది 1 జీబీ, ఉండాల్సిందే. అదే 1 టీబీ డేటా డిస్క్ ఐతే సుమారు 50 జీబీ ఊరికే కూర్చుంటుంది, అలాంటి చోట ట్యూన్2ఎఫ్‌ఎస్ -ఎమ్ 1 అని డివైస్ పేరిచ్చి 1 శాతానికి తగ్గించుకోవచ్చు, డిస్క్ అన్‌మౌంట్ కూడా చెయ్యక్కర్లేదు. రూట్ పార్టిషన్ మీద మాత్రం ముట్టుకోకండి.

యూనిట్ల తేడా కూడా ఒకటుంది. చిన్న హెచ్ పెడితే 1024 లెక్కన, పెద్ద హెచ్ పెడితే 1000 లెక్కన చూపిస్తుంది. 1 టీబీ అని కొన్న డిస్క్ 931 దగ్గర కనపడేది ఇందుకే, కంపెనీ 1000 లెక్కన అమ్ముతుంది, మెషిన్ 1024 లెక్కన చూపిస్తుంది.

ఒక్కోసారి డీఎఫ్ కొడితే ఏమీ రాదు, కర్సర్ అలా ఆగిపోతుంది. డిస్క్ పాడైపోయింది అనుకోకండి, ఎక్కువసార్లు నెట్‌వర్క్ మీద మౌంట్ చేసిన షేర్ ఏదో అవతలి వైపు చచ్చిపోయి ఉంటుంది, డీఎఫ్ దాని జవాబు కోసం ఎదురుచూస్తూ ఉండిపోతుంది. డీఎఫ్ -హెచ్ఎల్ కొట్టండి, ఎల్ అంటే ఈ మెషిన్‌లోని సొంత డిస్కులు మాత్రమే, నెట్‌వర్క్ వాటి జోలికి పోదు.

స్పేస్ ఉంది, కానీ లేదు అంటోంది

డీఎఫ్‌లో 40 శాతం ఖాళీ కనపడుతోంది, అప్లికేషన్ మాత్రం జాగా లేదని ఏడుస్తోంది. ఇక్కడ ఐనోడ్లు చూడాలి.

డీఎఫ్ -ఐ

ఐనోడ్ అంటే ఫైల్ వివరాలు రాసుకునే చిన్న రికార్డు, ప్రతి ఫైల్‌కీ ఒకటి కావాలి, ఫైల్ ఎంత చిన్నదైనా సరే. ఈఎక్స్‌టీ4లో ఎన్ని ఐనోడ్లు ఉంటాయో ఫార్మాట్ చేసినప్పుడే తేలిపోతుంది, డిఫాల్ట్‌గా ప్రతి 16 కేబీకి ఒకటి, తర్వాత విడిగా పెంచుకునే దారి లేదు. లక్షల కొద్దీ ఒక్కో కేబీ ఫైళ్లు పోగైతే జీబీలు మిగిలి ఉండగానే ఐనోడ్లు అయిపోతాయి. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అవసరాన్ని బట్టి చేసుకుంటుంది కాబట్టి అక్కడ ఈ బాధ తక్కువ, బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో ఈ కాలమ్ సున్నా చూపిస్తుంది, దానికి ఇలా ముందే ఇన్ని అని లెక్క ఉండదు. ఇలా పోగయ్యేవి మామూలుగా వెబ్‌సైట్ సెషన్ ఫైళ్లు, క్యాష్ ఫోల్డర్, పోకుండా ఆగిపోయిన మెయిళ్ల క్యూ. ఎక్కడున్నాయో పట్టుకోడానికి డీయూకి (ఫోల్డర్ల సైజు కూడే కమాండ్, దీని గురించి కింద చెప్తా) ఐనోడ్స్ అనే ఆప్షన్ ఉంది, సైజుకి బదులు ఫైళ్ల సంఖ్య లెక్కపెడుతుంది. ముందు సుడో పెడితే కమాండ్ రూట్ యూజర్ హక్కులతో నడుస్తుంది.

సుడో డీయూ --ఐనోడ్స్ -ఎక్స్ -డీ 2 / | సార్ట్ -ఎన్ | టెయిల్

అలాంటి ఫోల్డర్ దొరికాక ఆర్‌ఎం (ఫైళ్లు తీసేసే కమాండ్) * అని నక్షత్రం పెట్టి కొడితే, లిస్టు మరీ పెద్దదైందని షెల్లే వద్దంటుంది, ఫైండ్ కమాండ్‌కి -డిలీట్ ఇచ్చి తీసెయ్యాలి. ముందు -డిలీట్ లేకుండా ఒకసారి కొట్టి ఏమేం వస్తున్నాయో కళ్లతో చూశాకే.

ఎవరు తింటున్నారు: డీయూ

డీఎఫ్ ఫైల్ సిస్టమ్‌ని నేరుగా అడుగుతుంది, అది తన దగ్గరున్న లెక్క చెప్తుంది, అందుకే రెప్పపాటులో జవాబొస్తుంది. డీయూ అలా కాదు, ఫోల్డర్ ఫోల్డర్‌కీ దిగి ప్రతి ఫైల్‌నీ చూసి కూడుతుంది, అందుకే పెద్ద డిస్క్ మీద నిమిషాలు, ఒక్కోసారి గంటలు. పని జరుగుతున్న సర్వర్ మీద పగలు పూట రూట్ నుంచి డీయూ కొట్టేముందు ఆలోచించండి, డిస్క్ మీద ఆ చదువుడు భారం పడుతుంది. ముందు నైస్, ఐఓనైస్ (ఈ పనికి ప్రాధాన్యం తగ్గించే కమాండ్లు) తగిలిస్తే కాస్త నయం.

సుడో డీయూ -ఎక్స్ -హెచ్ -డీ 1 / | సార్ట్ -హెచ్

ఇందులో -ఎక్స్ ముఖ్యం, అది లేకపోతే వేరే మౌంట్ చేసిన డిస్కుల్లోకి కూడా దూరి అన్నీ కలిపి చూపిస్తుంది, మీరు వెతికేదేమో రూట్ గురించి. -డీ 1 అంటే ఒక్క మెట్టు లోతు. సార్ట్ -హెచ్ అనేది జీబీ ఎంబీ గుర్తుల్ని అర్థం చేసుకుని వరసపెడుతుంది, -ఎన్ పెడితే 900 ఎంబీ వచ్చి 2 జీబీ కింద కూర్చుంటుంది. అన్నిటికన్నా పెద్దది అడుగున ఉంటుంది. వార్ పెద్దదా, ఐతే రూట్‌కి బదులు /వార్ పెట్టి మళ్లీ కొట్టండి, అక్కణ్ణుంచి లోపలికి, అలా మూడు నాలుగు మెట్లు దిగితే దొరికిపోతుంది. సుడో లేకుండా కొడితే పర్మిషన్ లేని ఫోల్డర్లన్నీ లెక్కలోంచి జారిపోతాయి, డేటాబేస్ ఫోల్డర్ సాధారణంగా అలాంటిదే, ఎర్రర్ లైన్లు పైకి వెళ్లిపోయి మీరు చూడకపోతే టోటల్ తక్కువొచ్చిందని కూడా తెలియదు.

ఎన్‌సీడీయూ ఉంటే ఇంకా హాయి, బాణం గుర్తులతో ఫోల్డర్లలోకి దిగుతూ చూడొచ్చు. కానీ డిస్క్ నిండిపోయిన తర్వాత కొత్త ప్యాకేజీ ఇన్‌స్టాల్ చెయ్యలేం, కాబట్టి ముందే పెట్టుకోవాల్సిన టూల్ అది. ఒక్కో పెద్ద ఫైల్ మీద అనుమానం ఉంటే ఇది చాలు, ఇందులో ఎమ్ పెద్దక్షరం:

సుడో ఫైండ్ / -ఎక్స్‌డెవ్ -టైప్ ఎఫ్ -సైజ్ +500ఎమ్

డీఎఫ్, డీయూ కలవనప్పుడు

అన్నిటికన్నా విషయమున్న చోటు ఇదే, నా గంట పోయిందీ ఇక్కడే. డీఎఫ్ 95 జీబీ వాడారు అంటుంది, డీయూ కూడితే 55 వస్తుంది. మిగతా 40 ఎక్కడ?

మొదటి కారణం, డిలీట్ చేసిన ఫైల్‌ని ఏదో ప్రోగ్రామ్ ఇంకా తెరిచి పట్టుకుని ఉండటం. లైనక్స్‌లో ఆర్‌ఎం కొడితే పోయేది పేరు మాత్రమే, దాన్ని ఎవరైనా తెరిచి ఉంటే వాళ్లు వదిలేదాకా డిస్క్‌లో జాగా అలాగే ఉంటుంది, పైగా ఆ ప్రోగ్రామ్ అందులోకి రాస్తూనే ఉంటుంది, కనపడని ఫైల్ పెరుగుతూనే పోతుంది. పేర్లు పట్టుకుని వెళ్లే డీయూకి అది కనపడదు, డీఎఫ్‌కి కనపడుతుంది. పట్టుకునేది ఇలా, ఇందులో కూడిక గుర్తు తర్వాత ఎల్ పెద్దక్షరం:

సుడో ఎల్ఎస్ఓఎఫ్ +ఎల్1

పేరు లేని, ఐనా తెరిచి ఉన్న ఫైళ్లన్నీ వస్తాయి, ఏ ప్రోగ్రామ్, దాని ప్రాసెస్ నంబర్, సైజు. ఆ ప్రోగ్రామ్‌ని రీస్టార్ట్ చేస్తే జాగా ఠక్కున తిరిగొస్తుంది. నాకు జరిగింది అచ్చం ఇదే, వెబ్ సర్వర్ తన లాగ్‌ని పట్టుకుని కూర్చుంది, రీస్టార్ట్ చెయ్యగానే 100 కాస్తా 61కి దిగింది. రీస్టార్ట్ చేసే వీలు లేకపోతే /ప్రాక్ కింద ఆ ప్రాసెస్ నంబర్ ఫోల్డర్‌లో ఎఫ్‌డీ అనే చోట ఆ ఫైల్‌కి లింక్ ఉంటుంది, దాన్ని ట్రంకేట్ -ఎస్ 0 తో ఖాళీ చెయ్యొచ్చు. అది నిజంగా లాగ్ ఫైలే అని తేల్చుకున్నాకే సుమా, డేటాబేస్ ఫైల్ మీద ఈ పని చేస్తే డేటా పోయినట్టే. ఈ గొడవే రాకుండా ఉండాలంటే నడుస్తున్న ప్రోగ్రామ్ లాగ్‌ని ఎప్పుడూ ఆర్‌ఎం చెయ్యకండి, మొదటే ట్రంకేట్ చెయ్యండి, ఫైల్ అక్కడే ఉంటుంది, లోపలున్నది పోతుంది, జాగా వెంటనే వస్తుంది.

రెండోది, మౌంట్ కింద దాక్కున్న ఫైళ్లు. బ్యాకప్ డిస్క్‌ని /బ్యాకప్ అనే ఫోల్డర్ మీద మౌంట్ చేశారు అనుకోండి. ఒక రాత్రి ఏదో కారణంతో అది మౌంట్ అవ్వలేదు, బ్యాకప్ స్క్రిప్ట్‌కి ఆ సంగతి తెలీదు, ఫోల్డర్ ఉంది కదా అని రూట్ డిస్క్ మీదే 30 జీబీ రాసేసింది. మర్నాడు ఎవరో డిస్క్ మౌంట్ చేశారు, ఇప్పుడు ఆ ఫోల్డర్ తెరిస్తే బ్యాకప్ డిస్క్‌లో ఉన్నవే కనపడతాయి, కింద రూట్‌లో పడున్న 30 జీబీ ఎవరికీ కనపడదు. చూడాలంటే రూట్‌ని ఇంకో చోట బైండ్ మౌంట్ చెయ్యాలి, అంటే అదే ఫోల్డర్‌ని ఇంకో చోట కూడా కనపడేలా తగిలించాలి:

సుడో మౌంట్ --బైండ్ / /ఎంఎన్‌టీ
సుడో డీయూ -ఎస్‌హెచ్ /ఎంఎన్‌టీ/బ్యాకప్

బైండ్ చేసినప్పుడు పైన తగిలించిన వేరే డిస్కులు వెంట రావు కాబట్టి కిందున్నది బయటపడుతుంది. చూసి, తీసెయ్యాల్సింది తీసేసి, యూమౌంట్ కమాండ్‌తో ఆ బైండ్‌ని విడదీయడం మర్చిపోకండి. బ్యాకప్ స్క్రిప్ట్ మొదట్లో మౌంట్‌పాయింట్ అనే కమాండ్‌తో డిస్క్ నిజంగా తగిలి ఉందా లేదా అని ఒక్క లైన్ చెక్ పెట్టుకుంటే ఇది మళ్లీ జరగదు.

మూడోది స్నాప్‌షాట్లు, అంటే ఒక క్షణంలో ఫైళ్లు ఎలా ఉన్నాయో అలా పట్టి ఉంచిన నకళ్లు. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ లాంటి వాటిలో ఫైల్ తీసేసినా పాత స్నాప్‌షాట్ దాన్ని పట్టుకునే ఉంటుంది, అక్కడ డీఎఫ్‌ని నమ్ముకోకుండా బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్ యూసేజ్ అనే దాని సొంత కమాండ్ వాడాలి. మ్యాక్ మెషిన్లలో కూడా ఎస్ఎస్‌హెచ్‌తో వెళ్లి డీఎఫ్ కొట్టొచ్చు, కాకపోతే అక్కడ ఒకే కంటైనర్‌లోని వాల్యూమ్‌లన్నీ ఖాళీని కలిసి పంచుకుంటాయి కాబట్టి అన్ని లైన్లలోనూ ఒకటే మిగులు కనపడుతుంది, వాటిని కూడేసి ఇంత ఖాళీ ఉంది అనుకోకూడదు.

ఇక ఎల్ఎస్‌లో 100 జీబీ అని చూపించే ఫైల్ డీయూలో 8 జీబీయే వస్తే అది స్పార్స్ ఫైల్, వర్చువల్ మెషిన్ డిస్కులు ఎక్కువగా ఇలా ఉంటాయి, నిజంగా రాసినంత మేరకే జాగా తీసుకుంటాయి. డీయూ చెప్పేదే అసలు వాడకం.

తీసెయ్యడంలో జాగ్రత్త

దొరికిందల్లా తీసెయ్యకూడదు. డేటాబేస్ ఫోల్డర్‌లో మైసీక్వెల్ బైనరీ లాగ్‌లు పెద్దగా కనపడితే ఆర్‌ఎం కొట్టకండి, డేటాబేస్ లోపలికెళ్లి పర్జ్ బైనరీ లాగ్స్ అనే కమాండ్‌తోనే తియ్యాలి, అదీ రెప్లికా (ఆ డేటాబేస్ నకలు నడిచే ఇంకో సర్వర్) వాటిని చదివేసిందని చూసుకున్నాక. పోస్ట్‌గ్రెస్‌లో పీజీ_వాల్ అనే ఫోల్డర్ ఉంటుంది, దాన్ని చేత్తో అసలు ముట్టుకోకూడదు, పేరు చూసి లాగ్‌లే కదా అని తీసేస్తే డేటాబేస్ మళ్లీ లేవకపోవచ్చు. అది పెరుగుతోందంటే ఆర్కైవ్ ఫెయిలవుతోందా, వాడని రెప్లికేషన్ స్లాట్ ఏదైనా మిగిలిపోయిందా అని చూడాలి.

భయం లేకుండా తీసెయ్యగలిగేవి కొన్నున్నాయి. సిస్టమ్ జర్నల్ (సిస్టమ్ రాసుకునే సొంత లాగ్) ఎంత తింటోందో జర్నల్‌సీటీఎల్ --డిస్క్-యూసేజ్ చెప్తుంది, --వ్యాక్యూమ్-సైజ్=500ఎమ్ అంటే 500 ఎంబీ దాకా కోసేస్తుంది, ఇక్కడా ఎమ్ పెద్దక్షరమే. డెబియన్, ఉబుంటులో ఏపీటీ క్లీన్ అంటే డౌన్‌లోడ్ అయ్యి పడున్న ప్యాకేజీ ఫైళ్లు పోతాయి. డాకర్ (ప్రోగ్రామ్‌లని కంటైనర్లు అనే విడి డబ్బాల్లో నడిపే సాఫ్ట్‌వేర్) ఉన్న మెషిన్ ఐతే నా అనుమానం ముందు దాని మీదకే పోతుంది, డాకర్ సిస్టమ్ డీఎఫ్ కొడితే ఇమేజ్‌లు, కంటైనర్లు, వాల్యూమ్‌లు, బిల్డ్ క్యాష్ విడివిడిగా చూపిస్తుంది. కంటైనర్ల లాగ్‌లు అందులో రావు, డిఫాల్ట్ జేసన్ లాగ్‌కి పైకప్పు లేదు, సెట్ చెయ్యకపోతే అలా పెరుగుతూనే ఉంటుంది, /వార్/లిబ్/డాకర్/కంటైనర్స్ కింద డీయూ కొడితే తెలుస్తుంది. డాకర్ సిస్టమ్ ప్రూన్ కొట్టేముందు అది ఏమేం తీసేస్తానంటోందో చదవండి, ఆగి ఉన్న కంటైనర్లు కూడా పోతాయి. --వాల్యూమ్స్ మాత్రం తగిలించకండి, అందులో మీ డేటా ఉండొచ్చు.

తీసేది ఏమీ లేదు, నిజంగానే డిస్క్ చాలట్లేదు అంటే పెంచుకోవడమే. క్లౌడ్ కన్సోల్‌లో డిస్క్ పెంచేసి డీఎఫ్‌లో మారలేదేంటి అని చూస్తుంటారు, డిస్క్ పెరిగినా పార్టిషన్ పెరగాలి, ఆ తర్వాత ఫైల్ సిస్టమ్ పెరగాలి. ఎల్ఎస్‌బీఎల్‌కే కొడితే డిస్క్ ఎంత, పార్టిషన్ ఎంత అన్నది పక్కపక్కనే కనపడుతుంది. గ్రోపార్ట్‌తో పార్టిషన్, తర్వాత ఈఎక్స్‌టీ4కి రీసైజ్2ఎఫ్‌ఎస్, ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కి ఎక్స్‌ఎఫ్‌ఎస్_గ్రోఎఫ్‌ఎస్. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ని పెంచడమే గానీ మామూలుగా తగ్గించడం కుదరదు, పెంచే ముందే అది గుర్తు పెట్టుకోండి.

విండోస్ మెషిన్ ఐతే

రిమోట్ డెస్క్‌టాప్‌తో వెళ్లి చూడొచ్చు, ఒక్క మెషిన్‌కి అదే సులువు. రోజూ చూడాలంటే, పది మెషిన్లుంటే, పవర్‌షెల్ (విండోస్‌లో కమాండ్లు కొట్టే షెల్) నేర్చుకోండి, నిజంగా సమయం మిగులుతుంది.

గెట్-సిమ్‌ఇన్‌స్టాన్స్ విన్32_లాజికల్‌డిస్క్ -ఫిల్టర్ "డ్రైవ్‌టైప్=3" -కంప్యూటర్‌నేమ్ సర్వర్1

డ్రైవ్‌టైప్ 3 అంటే ఆ మెషిన్‌లోని ఫిక్స్‌డ్ డిస్కులు, సీడీ డ్రైవ్, మ్యాప్ చేసిన నెట్‌వర్క్ డ్రైవ్‌లు ఇందులో రావు. సైజ్, ఫ్రీస్పేస్ రెండూ బైట్లలో వస్తాయి, పవర్‌షెల్‌లో 1జీబీ అని రాసి భాగిస్తే జీబీల్లోకి మారిపోతుంది. పవర్‌షెల్‌కి చిన్నక్షరాలు పెద్దక్షరాలు తేడా లేదు, పైన సిమ్ అన్నది మాత్రం సీ-ఐ-ఎమ్ అని కొట్టాలి. ఇది విన్‌ఆర్‌ఎం (విండోస్ మెషిన్‌ని దూరం నుంచి నడపనిచ్చే సర్వీస్) మీద నడుస్తుంది, పోర్ట్ 5985, ఎన్‌క్రిప్ట్ చేసిన హెచ్‌టీటీపీఎస్ ఐతే 5986. విండోస్ సర్వర్ 2012 నుంచి ఇది డిఫాల్ట్‌గా ఆన్‌లోనే ఉంటుంది, మామూలు డెస్క్‌టాప్ విండోస్‌లో మాత్రం ఆ మెషిన్ దగ్గర ఎనేబుల్-పీఎస్‌రిమోటింగ్ ఒకసారి అడ్మిన్‌గా రన్ చెయ్యాలి. రెండు మెషిన్లూ ఒకే డొమైన్‌లో ఉంటే లాగిన్ గొడవ ఉండదు, లేకపోతే మీ మెషిన్‌లో ట్రస్టెడ్‌హోస్ట్స్ లిస్టులో అవతలి పేరు చేర్చాలి, నక్షత్రం పెట్టి అందర్నీ నమ్మెయ్యకుండా పేర్లు పేర్లుగా చేర్చండి. పాత గైడ్‌లలో గెట్-డబ్ల్యూఎంఐఆబ్జెక్ట్ అని ఉంటుంది, అది పవర్‌షెల్ 6 నుంచి లేదు, పైగా 135 పోర్ట్‌తో మొదలుపెట్టి ఇంకేవేవో పోర్టులు అడుగుతుంది, ఫైర్‌వాల్ దగ్గర తలనొప్పి.

రిమోటింగ్ ఏదీ పనిచెయ్యకపోయినా ఫైల్ షేరింగ్ తెరిచి ఉండి, మీకు అడ్మిన్ హక్కులుంటే ఇంకో చిన్న దారుంది, ఇది పవర్‌షెల్‌లో కాదు, కమాండ్ ప్రాంప్ట్‌లో కొట్టాలి:

డిర్ \\సర్వర్1\సీ$

అడ్మిన్ షేర్ అది, లిస్టు చివరి లైన్‌లో ఎన్ని బైట్లు ఖాళీయో రాసి ఉంటుంది. నేను చాలాసార్లు దీంతోనే పని కానిచ్చేశా.

విండోస్‌లో కూడా లెక్క కలవకపోవడం ఉంది. ఫోల్డర్లన్నీ సెలెక్ట్ చేసి ప్రాపర్టీస్ చూస్తే తక్కువొస్తుంది, డ్రైవ్ మాత్రం నిండుగా కనపడుతుంది. షాడో కాపీలు (విండోస్ తీసుకునే స్నాప్‌షాట్లు) ఒక కారణం, వీఎస్‌ఎస్‌అడ్మిన్ లిస్ట్ షాడోస్టోరేజ్ కొడితే అవి ఎంత తీసుకున్నాయో వస్తుంది. పేజ్‌ఫైల్, హైబర్నేషన్ ఫైల్ దాచి ఉంటాయి, అవీ జీబీల్లోనే. విన్‌ఎస్ఎక్స్‌ఎస్ (విండోస్ సొంత భాగాలు ఉండే) ఫోల్డర్ ఏమో తలకిందులు, ఒకే ఫైల్‌కి చాలా పేర్లుండటం వల్ల ఉన్నదానికన్నా పెద్దగా కనపడుతుంది, దాన్ని చేత్తో డిలీట్ చెయ్యొద్దు, అసలు సైజు చూడటానికీ శుభ్రం చెయ్యడానికీ డిఐఎస్‌ఎం అనే కమాండ్ ఉంది.

చాలా మెషిన్లు, రోజూ

మెషిన్ల పేర్లు ఒక ఫైల్‌లో లైన్‌కొకటి రాసుకుని వైల్ రీడ్ లూప్‌లో ఒక్కోదానికీ ఎస్ఎస్‌హెచ్‌తో డీఎఫ్ పంపొచ్చు. ఇందులో అందరూ ఒకసారి పడే గొయ్యి ఉంది, లూప్ మొదటి మెషిన్ చూసి ఆగిపోతుంది, ఎర్రర్ కూడా రాదు. ఎందుకంటే లోపల నడిచే ఎస్ఎస్‌హెచ్ ఇన్‌పుట్ అంతా తనే చదివేసుకుంటుంది, లిస్టులో మిగతా పేర్లు దాని కడుపులోకి పోతాయి. ఎస్ఎస్‌హెచ్‌కి -ఎన్ పెడితే సరిపోతుంది. ఇంకా -ఓ బ్యాచ్‌మోడ్=యెస్, -ఓ కనెక్ట్‌టైమ్‌అవుట్=5 పెట్టండి, లేకపోతే ఏదో ఒక మెషిన్ పాస్‌వర్డ్ అడుగుతూ కూర్చుంటుంది, లేదా చచ్చిపోయిన మెషిన్ దగ్గర లూప్ ఇరుక్కుంటుంది. స్క్రిప్ట్‌లో చదవడానికి డీఎఫ్‌కి --అవుట్‌పుట్=పీసెంట్,టార్గెట్ ఇస్తే శాతం, మౌంట్ పేరు రెండే వస్తాయి, ముక్కలు చేసుకోవడం తేలిక. మెషిన్లు పదులు దాటితే మాత్రం ఇలా సొంత స్క్రిప్టులతో లాగకుండా జాబిక్స్, ప్రొమీథియస్ లాంటి మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టుకోండి.

ఎంత శాతానికి అలారం పెట్టాలి అంటే అందరూ 80 అంటారు, నాకది నచ్చదు. 20 జీబీ డిస్క్‌లో 90 శాతం అంటే 2 జీబీ మిగిలింది, ఒక రాత్రిలో లాగ్ మింగేస్తుంది, 10 టీబీలో 90 అంటే 1 టీబీ ఉంది, నెలలు గడవొచ్చు. చూడాల్సింది ఎంత వేగంగా తగ్గుతోంది అనేది. రోజుకొకసారి డీఎఫ్ అవుట్‌పుట్‌ని తేదీతో కలిపి ఒక ఫైల్‌లో చేర్చుకుంటూ పోయినా వారానికి ఎన్ని జీబీలు పోతున్నాయో తెలిసిపోతుంది, ప్రొమీథియస్‌లో ఐతే ప్రిడిక్ట్_లీనియర్ అనే ఫంక్షన్‌తో ఈ వేగంతో పోతే 4 రోజుల్లో నిండుతుందా అని అడగొచ్చు, నిండేట్టుంటేనే అలారం. ఐనోడ్లకి కూడా విడిగా ఒకటి పెట్టండి, దాన్ని దాదాపు అందరూ వదిలేస్తారు.

ఆ చెక్ ఎక్కడ నడుస్తుందన్నది కూడా ముఖ్యం. చాలామంది అదే సర్వర్‌లో క్రాన్ (చెప్పిన టైమ్‌కి కమాండ్ నడిపేది) పెట్టి, నిండితే మెయిల్ పంపమని రాసుకుంటారు. డిస్క్ నిండిన రోజు ఆ మెయిల్‌ని క్యూలో రాయడానికి కూడా జాగా ఉండదు, మెయిల్ రాదు, మెయిల్ రాలేదు కాబట్టి అంతా బాగుందనుకుంటారు. అడిగే మెషిన్ వేరే ఉండాలి, అడిగితే జవాబు రాకపోవడాన్ని కూడా అలారంగానే లెక్కపెట్టేలా దాన్ని సెట్ చెయ్యండి.